ఆట తర్వాతి అరగంట

బల్ల మీద మిగిలినవి మూడే. తెల్లరాజు, నల్లరాజు, ఒక్క తెల్లబంటు.

తెల్లపావుల వైపు రెండు జడల పిల్ల కుర్చీలో మోకాళ్ల మీద కూర్చుంది. మామూలుగా కూర్చుంటే బోర్డు అవతలి అంచు దాకా చెయ్యి అందదు. ఎదురుగా ఉన్న పిల్లవాడు రెండు అరచేతుల్నీ తొడల కింద పెట్టేసుకున్నాడు. తొందరపడి ఏ పావునూ ముట్టుకోకుండా ఉండటానికి కోచ్‌లు చిన్నపిల్లలకు చెప్పే ఉపాయం అది. ముట్టుకుంటే ఆ పావునే ఆడాలి. ఇద్దరికీ పదేళ్లు దాటి ఉండవు. అండర్-11 ఆఖరి రౌండు. ఫంక్షన్ హాల్లో మిగతా బల్లలు దాదాపు ఖాళీ అయిపోయాయి. ఆర్బిటరు చప్పుడు కాకుండా వచ్చి ఈ బల్ల పక్కన నిలబడ్డాడు. వేదిక మీద ట్రోఫీలు ఎత్తు ప్రకారం పేర్చి ఉన్నాయి. గెలిస్తే అన్నిటికన్నా పెద్దది ఈ పిల్లదే.

బంటు ఒక్కో గడీ ఎక్కుతోంది. ఎనిమిదో వరస చేరితే మంత్రి అవుతుంది, ఆట ముగుస్తుంది. ఇలాంటి చోట రాజు ముందు నడిచి దారి చెయ్యాలి, బంటు వెనకాల రావాలి. పిల్లకు ఆ సంగతి తెలుసు. ఎన్నోసార్లు సాధన చేసింది. కానీ గడియారంలో నిమిషం కన్నా తక్కువ ఉంది. తలుపు అద్దానికి ముఖం ఆనించి అమ్మ చూస్తోంది. బంటుకేమో ఇంకా మూడు గళ్లే. బంటునే తోసింది. నల్లరాజు కాస్త తడబడి, ఆలోచించి, తిన్నగా వెనక్కి ఒక అడుగు వేశాడు. పక్కకు వేసి ఉంటే ఓడిపోయేవాడు. ఇద్దరు రాజులూ ఒక్కో అడుగు కదిలాక బంటు చెక్ చెబుతూ ఏడో వరసకు వెళ్లింది. నల్లరాజు దాని ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇక రెండే దారులు. బంటును వదిలేస్తే నల్లరాజు తినేస్తాడు. కాపాడదామని తెల్లరాజును బంటు వెనక నిలబెడితే నల్లరాజుకు కదలడానికి గడి మిగలదు, అతని మీద చెక్ కూడా ఉండదు. పిల్ల రెండో దారి పట్టింది. పావు మీద నుంచి చెయ్యి తీశాక అర్థమైంది.

“స్టేల్‌మేట్” అన్నాడు అబ్బాయి, తనకే నమ్మకం కుదరనట్టు.

డ్రా. చెరో అర పాయింటు. చేతులు కలిపారు, స్కోరు షీట్ల మీద సంతకాలు పెట్టారు. ఏ ఊరి టోర్నమెంటుకు వెళ్లినా, ఏదో ఒక రౌండులో, ఏదో ఒక బల్ల మీద ఈ ఆట కనిపిస్తుంది.

తలుపు అవతల

హాలు తలుపు తెరుచుకున్న దగ్గర నుంచీ జరిగేది కూడా దాదాపు ఒకేలా ఉంటుంది.

“ఏమైంది తల్లీ?”

“డ్రా నాన్నా. స్టేల్‌మేట్ అయింది.”

“గెలిచే ఆట కదమ్మా అది! రాజును ముందు తీసుకెళ్లమని సార్ ఎన్నిసార్లు చెప్పారు?”

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. తెల్లవారుజామున లేచి, బస్సెక్కించి, ఇడ్లీ డబ్బా పట్టుకుని, పొద్దున్నుంచీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు. పిల్ల చేతిలోంచి స్కోరు షీటు తీసుకుంటాడు. ఎత్తులన్నీ ఒక్కొక్కటీ ఫోనులోని చెస్ యాప్‌లో నింపుతాడు. తెర పక్కన నిలువుగా ఒక పట్టీ ఉంటుంది. తెలుపు గెలుపు దిశగా ఉంటే తెల్లగా పైకి లేస్తుంది, నలుపుదైతే కిందికి దిగుతుంది. ఒక ఎత్తు దగ్గర ఆ పట్టీ ఠపీమని పడిపోతుంది. “ఇదిగో, ఇక్కడ పోయింది” అని పిల్లకు చూపిస్తాడు. పెద్ద టోర్నీల్లోనైతే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. పై బోర్డుల మీద ఆటలు నేరుగా ఫోనులోకే వస్తాయి. పిల్ల బయటికి రాకముందే బయట అందరికీ తప్పు తెలిసిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది. ఫోనుకు ఆ తప్పు తెలియడానికి క్షణం చాలు. పిల్ల సరైన ఎత్తును చెమటపట్టిన చేతులతో, తరిగిపోతున్న సెకన్ల మధ్య, ఒంటరిగా వెతుక్కుంది. అన్ని గంటలు ఆమె వేసిన మంచి ఎత్తుల గురించి ఆ పట్టీ ఏమీ చెప్పదు. ఒక బంటు ఆధిక్యంతో ఆ ముగింపు దాకా ఎలా వచ్చిందో చెప్పదు. ఎదుటి పిల్లవాడు తిన్నగా వెనక్కి వేసిన ఆ ఒక్క అడుగు ఎంత గొప్పదో అసలే చెప్పదు.

చదరంగం పిల్లల గురించి రాయాలంటే అందరూ బోర్డు దగ్గర మొదలుపెట్టి ట్రోఫీ దగ్గర ఆపుతారు. ఆట ముగిశాక వచ్చే అరగంట దగ్గరే ఎక్కువ విషయం ఉందని నా నమ్మకం. ఆ పిల్ల ఇంకో పదేళ్లు ఆడుతుందా, వచ్చే వేసవికే మానేస్తుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

హాళ్లు ఎందుకు నిండుతున్నాయి

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో దొమ్మరాజు గుకేశ్ చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను 7.5-6.5తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పద్నాలుగో ఆట, ఆఖరి ఆట, డ్రా దిశగా నడుస్తుండగా డింగ్ ఒక్క ఎత్తు తప్పాడు. గుకేశ్‌కు పద్దెనిమిదేళ్లు. 1985లో కాస్పరోవ్ ఇరవై రెండేళ్లకు నెలకొల్పిన రికార్డు చెరిగిపోయింది. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ పావుల్ని మళ్లీ వరసగా పేర్చి, బోర్డుకు నమస్కరించిన దృశ్యం మన ఇళ్లలో ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. అంతకు మూడు నెలల ముందే బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ ఓపెన్, మహిళల విభాగాలు రెండింటిలోనూ స్వర్ణాలు కొట్టింది. ఆ పది మందిలో గుకేశ్, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు. అదే డిసెంబరు రేటింగ్ జాబితాలో అర్జున్ 2801కి చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనే.

1988లో మన దేశంలో గ్రాండ్‌మాస్టర్ ఒక్కరే, విశ్వనాథన్ ఆనంద్. ఇప్పుడు ఆ సంఖ్య 90 దాటింది. 2025 నవంబరులో గోవాలో జరిగిన ప్రపంచకప్‌ను ఉజ్బెకిస్థాన్‌కు చెందిన పందొమ్మిదేళ్ల జవోఖిర్ సిందరోవ్ గెలిచాడు. మధ్యప్రదేశ్‌లో మూడేళ్ల ఏడు నెలల పసివాడికి అంతర్జాతీయ రేటింగ్ వచ్చిందని చదివి మనం ముచ్చటపడ్డాం.

ఇవన్నీ ఒక్కసారే చెవిన పడేసరికి చాలా ఇళ్లలో ఒకే ప్రశ్న పుట్టింది. మావాడికి ఆరేళ్లు వచ్చేశాయి, ఆలస్యమైపోయిందా? ఆ కంగారే హాళ్లు నిండటానికి అసలు కారణం. నిజానికి గుకేశ్ బోర్డు ముందు మొదట కూర్చున్నది ఏడేళ్లకు, బడిలో.

> రేటింగ్ అంటే ఏమిటి?
>
> అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ‘ఫిడే’ ఆటగాడి బలాన్ని అంకెలో చెబుతుంది. ఆ అంకే రేటింగ్. 2024 మార్చి నుంచి దాని అడుగు మెట్టు 1400. అంతకన్నా తక్కువ ఉంటే జాబితాలో పేరు ఉండదు.
>
> పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్న పిల్లలకు హెచ్చుతగ్గుల గుణకం 40. అంటే తనతో సమానమైన ప్రత్యర్థిని ఓడిస్తే 20 పాయింట్లు పెరుగుతాయి, ఓడితే 20 తగ్గుతాయి. పెద్దవాళ్లలో ఎక్కువ మందికి ఇందులో సగమే. పిల్లల రేటింగ్ ఉయ్యాల ఊగడానికి కారణం ఇదే. ఒక్క వారాంతంలో వంద పాయింట్లు పోవడం అరుదేమీ కాదు.
>
> ఇలాంటి టోర్నీల్లో ఓడినవాళ్లు ఇంటికి వెళ్లిపోరు. స్విస్ పద్ధతిలో సమాన పాయింట్లు ఉన్నవాళ్లు తర్వాతి రౌండులో ఎదురుపడతారు. అందరూ అన్ని రౌండ్లూ ఆడతారు. చివర్లో పాయింట్లు సమానమైతే, ఎవరు గట్టి ప్రత్యర్థులతో ఆడారో చూసే టైబ్రేక్ లెక్కలు వస్తాయి.

పన్నెండేళ్ల లోపు వెండి పతకం

2002లో గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో, హెరాక్లియన్ నగరంలో ప్రపంచ యువ చదరంగ పోటీలు జరిగాయి. అండర్-12లో ఇద్దరు పిల్లలు సమాన పాయింట్లతో నిలిచారు. ఒకడు రష్యా నుంచి వచ్చిన ఇయాన్ నెపోమ్నియాషి. రెండోవాడు నార్వే నుంచి వచ్చిన మాగ్నస్ కార్ల్‌సన్. టైబ్రేక్‌లో నెపోది పైచేయి. బంగారు పతకం అతనికి, వెండి కార్ల్‌సన్‌కు.

ఆ సాయంత్రం ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే పతకాల రంగు చూసే చెప్పి ఉండేవారు. కార్ల్‌సన్ తల్లిదండ్రులు ఆ రంగును పట్టించుకోలేదు. ఆ తర్వాతి ఏడాది కుటుంబం మొత్తం బడికి, ఉద్యోగానికి విరామం ఇచ్చి కారులో యూరప్ తిరిగింది. మధ్యలో టోర్నీలు ఆడాడు, ఊళ్లు చూశాడు. పదమూడేళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2013లో చెన్నైలో ఆనంద్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఆటలు జరిగిన అద్దాల గది బయట నిలబడి చూసిన పిల్లల్లో ఏడేళ్ల గుకేశ్ ఒకడు.

హెరాక్లియన్ పిల్లలిద్దరూ పందొమ్మిదేళ్ల తర్వాత దుబాయ్‌లో ప్రపంచ కిరీటం కోసం ఎదురెదురుగా కూర్చున్నారు. 2021 డిసెంబరు 3న జరిగిన ఆరో ఆట 136 ఎత్తులు సాగింది. ఏడు గంటల ముప్పావు పట్టింది. అర్ధరాత్రి దాటాక కార్ల్‌సన్ గెలిచాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో అంత పొడుగు ఆట లేదు. దాంతో నెపో కుంగిపోయాడు. చివరికి 7.5-3.5.

ఇందులోంచి ‘వెండి వచ్చినవాడే గొప్పవాడవుతాడు’ అని సూత్రం తీస్తే అదీ పొరపాటే. నెపో కూడా రెండుసార్లు ప్రపంచ చాంపియన్‌షిప్ పోరుకు చేరిన మహా ఆటగాడు. ఆ చిన్న వయసులో టైబ్రేక్ ఎటు పడిందన్నది ఇద్దరి జీవితాల్లోనూ ఏదీ తేల్చలేదు. 2019 జనవరిలో గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి వయసు పన్నెండేళ్ల ఏడు నెలల పదిహేడు రోజులు. అప్పటి ప్రపంచ రికార్డును పదిహేడు రోజుల తేడాతో చేజార్చుకున్నాడు. ఆ రోజుల్లో అది పెద్ద వార్త. ఇప్పుడు దాన్ని ఎవరూ తలుచుకోవడం లేదు.

అబ్బాయిల బల్లల మధ్య

ఆ రెండు జడల పిల్ల దగ్గరికి మళ్లీ రావాలి. ఆమె ఆడిన విభాగంలో అబ్బాయిలే ఎక్కువ. మన టోర్నీల్లో ఏడెనిమిదేళ్ల వయసులో అమ్మాయిలు బాగానే కనిపిస్తారు. అండర్-15కి వచ్చేసరికి వరసకు ఒకరో ఇద్దరో.

1999లో అహ్మదాబాద్‌లో ఆసియా యువ పోటీలు జరిగినప్పుడు గుడివాడలో పుట్టిన ఒక పన్నెండేళ్ల అమ్మాయి బాలుర విభాగంలో బరిలోకి దిగింది. అప్పటికే 1997లో అండర్-10, 1998లో అండర్-12 బాలికల ప్రపంచ టైటిళ్లు ఆమెవి. మళ్లీ బాలికల్లోనే ఆడితే ఇంకో పతకం ఖాయం. అయినా అబ్బాయిల మధ్య కూర్చుంది. అండర్-12 టైటిల్ గెలిచింది. ఆమె కోనేరు హంపి.

హంపికి ముందు ఆ దారి తొక్కింది హంగరీకి చెందిన జూడిట్ పోల్గర్. 1988లో అండర్-12, 1990లో అండర్-14 ప్రపంచ టైటిళ్లను అబ్బాయిలతో తలపడి గెలిచింది. 2002లో హంపి పదిహేనేళ్ల నెల ఇరవై ఏడు రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు బద్దలైంది జూడిట్ రికార్డే. మన దేశంలో ఒక మహిళ గ్రాండ్‌మాస్టర్ కావడం అదే మొదటిసారి.

2004 కొచ్చి ప్రపంచ జూనియర్ పోటీల గురించి మన దగ్గర చెప్పుకోవలసినంత చెప్పుకోలేదని నాకనిపిస్తుంది. ఇరవై ఏళ్ల లోపు వాళ్లకు ఇంతకు మించిన టోర్నీ లేదు. ఆ ఏడు ఓపెన్ విభాగంలో ఒక వైపు గుంటూరు కుర్రాడు హరికృష్ణ. ఇంకో వైపు అదే విభాగంలో పదిహేడేళ్ల హంపి. ఆమె 2001లోనే బాలికల జూనియర్ టైటిల్ గెలిచింది. 2002లో మొదటి స్థానానికి సమానంగా నిలిచి టైబ్రేక్‌లో రెండోదైంది. ఇప్పుడు అబ్బాయిలతో పదమూడు రౌండ్లు ఆడి 8.5 పాయింట్లు సాధించింది. అయిదో స్థానానికి సమానంగా వచ్చి, లెక్కల్లో పదోది అయింది. టైటిల్ హరికృష్ణకు దక్కింది. 1987లో ఆనంద్ తర్వాత ఆ కిరీటం తెచ్చిన భారతీయుడు అతనే. హరికృష్ణ గెలుపు ఎంత పెద్దదో హంపి పదో స్థానం అంతే పెద్దదని నేననుకుంటాను. తేలిక పతకం వచ్చే చోటు వదిలి, ఓడే అవకాశం ఎక్కువున్న చోట కావాలని కూర్చోవడం ఆ వయసులో ఎంతమందికి చేతనవుతుంది? దాన్ని ఎంతమంది ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారు?

హంపి తండ్రి కోనేరు అశోక్ ఒప్పుకున్నారు. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి కూతురికి కోచ్ అయ్యారు. 2017లో కూతురు పుట్టాక హంపి ఆటకు దాదాపు రెండేళ్లు దూరమైంది. తిరిగొచ్చి 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్, 2024లో రెండోసారి అదే టైటిల్ గెలిచింది. 2025లో బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లి, తన కన్నా సగం వయసున్న దివ్య దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది.

> మనవాళ్లు, చిన్నప్పుడు
>
> పెంటేల హరికృష్ణ: 1996లో ప్రపంచ అండర్-10 చాంపియన్. 2001లో గ్రాండ్‌మాస్టర్. 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్.
>
> కోనేరు హంపి: 1997, 1998, 2000 సంవత్సరాల్లో బాలికల అండర్-10, 12, 14 ప్రపంచ టైటిళ్లు. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్.
>
> ద్రోణవల్లి హారిక: 2008లో టర్కీలోని గాజియాంటెప్‌లో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్. అక్కడే ఓపెన్ విభాగాన్ని అభిజీత్ గుప్తా గెలవడంతో రెండు కిరీటాలూ మనకే దక్కాయి. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టు కాంస్యంలో భాగమైంది.
>
> అర్జున్ ఇరిగేశి: 2018లో పద్నాలుగేళ్ల పదకొండు నెలల పదమూడు రోజులకు గ్రాండ్‌మాస్టర్.

ఇంటి ఖర్చు, ఇంటి ఓపిక

క్రికెట్‌కు మైదానం కావాలి, ఈతకు కొలను కావాలి, చదరంగానికి ఒక బోర్డు చాలు అని అనుకుంటాం. బోర్డు చౌకే. ప్రవేశ రుసుము, రైలు టికెట్లు, నాలుగైదు రోజుల గది అద్దె, పిల్లవాడితో పాటు వెళ్లే పెద్దవాళ్ల సెలవులు, కోచ్ ఫీజు, ఇవే భారం. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే రేటింగ్ 2500 దాటాలి, దాంతోపాటు మూడు నార్మ్‌లు, అంటే టోర్నీల్లో నిర్ణీత స్థాయి ఫలితాలు, కావాలి. వాటిలో విదేశీ ఆటగాళ్లతో ఆడాలన్న షరతు ఉంటుంది. అందుకే చాలా కుటుంబాలు యూరప్ దారి పడతాయి.

గుకేశ్ తండ్రి రజనీకాంత్ చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యుడు. కొడుకుతో ఊళ్లు తిరగడానికి ప్రాక్టీసు ఆపేశారు. మైక్రోబయాలజిస్ట్ అయిన తల్లి పద్మ జీతం మీదే ఇల్లు నడిచింది. ఒక దశలో తల్లిదండ్రుల స్నేహితులు చేయి వేశారని గుకేశే చెప్పాడు. మరో గ్రాండ్‌మాస్టర్ ప్రజ్ఞానంద తల్లి నాగలక్ష్మి పరాయి దేశాల్లో కూడా పిల్లలకు అన్నం, రసం పెట్టడానికి వంట సామగ్రి వెంట తీసుకెళ్తారు. ఆ ఇంట్లో చదరంగం మొదలైంది పెద్దమ్మాయి వైశాలి టీవీ తెగ చూస్తోందని. అక్కను చూసి తమ్ముడు బోర్డు దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లయ్యారు.

ఇవి గెలిచిన ఇళ్ల కథలు కాబట్టి మనకు తెలిశాయి. అదే ఖర్చు పెట్టి, అదే ఓపిక పట్టి, పిల్లవాడు 1700 రేటింగ్ దగ్గర ఆగిపోయిన ఇళ్లు చాలా ఎక్కువ. వాళ్ల త్యాగం తక్కువేమీ కాదు. ఆ ఇళ్లలోని పిల్లలు పదిహేనేళ్లకు ఒక బరువు మోస్తుంటారు, ‘నా కోసం నాన్న ఇంత పెట్టారు’ అని. ఎవరూ పైకి అనకపోయినా పిల్లలకు లెక్కలొచ్చు.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో గడప కూడా ఉంది, పదో తరగతి. ఎనిమిదిలోనే ఫౌండేషన్ కోర్సులు మొదలవుతాయి. ఆదివారాలు పరీక్షలకు పోతాయి. ఇంటర్‌లో చేరాక టోర్నమెంటుకు సెలవు అడగడమే కష్టం. రాష్ట్ర స్థాయి దాకా వెళ్లిన పిల్లలు సర్టిఫికెట్ల ఫైలు అటక మీద పెట్టేసే వయసు అది. అమ్మాయిలకు ఇంకాస్త ముందే ఆ రోజు వస్తుంది. దూరపు ఊరికి తోడు ఎవరు వెళ్లాలన్న ప్రశ్న అబ్బాయి విషయంలో ఖర్చు దగ్గర ఆగుతుంది. అమ్మాయి విషయంలో అక్కడితో ఆగదు.

1986 నాటి ఒక డ్రా

1986లో అమెరికా జాతీయ ప్రాథమిక పాఠశాలల చదరంగ పోటీలో తొమ్మిదేళ్ల జాష్ వెయిట్జ్‌కిన్, అతని కన్నా ఏడాదిన్నర చిన్నవాడైన జెఫ్ సార్వర్ తలపడ్డారు. ఆట డ్రా అయింది. జాష్ తండ్రి ఫ్రెడ్ కొడుకు ఆట మీద పుస్తకం రాశారు. దాని ఆధారంగా 1993లో ‘సెర్చింగ్ ఫర్ బాబీ ఫిషర్’ సినిమా వచ్చింది. సినిమాలో ఆ చివరి ఆట జాష్ గెలిచినట్టు మార్చారు. ప్రత్యర్థి పేరూ మార్చారు. మొహంలో భావం లేని, ఆడటం తప్ప ఏమీ తెలియని పిల్లవాడిగా చూపించారు.

ఆ ‘ప్రత్యర్థి’ జెఫ్ అదే ఏడాది ప్రపంచ అండర్-10 చాంపియన్ అయ్యాడు. అతన్నీ అతని అక్కనూ తండ్రి బడికి పంపలేదు. చదరంగమే లోకంగా ఊళ్లు తిప్పాడు. 1987లో కెనడాలో శిశు సంరక్షణ అధికారులు పిల్లల్ని తమ అధీనంలోకి తీసుకున్నారు. తర్వాత పిల్లలు మళ్లీ తండ్రిని చేరుకుని, ఏళ్ల తరబడి ఎవరికీ కనబడకుండా బతికారు. జెఫ్ చదరంగం లోకానికి తిరిగి కనిపించింది 2007లో, పోలండ్‌లో ఒక టోర్నీలో. అప్పటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్లు.

జాష్ సంగతి కూడా సినిమాలా సాగలేదు. ఇంటర్నేషనల్ మాస్టర్ దాకా వెళ్లి, పోటీ చదరంగం వదిలేశాడు. తాయ్‌చీ నేర్చుకుని అందులో ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ బల్ల మీద కూర్చున్న ఇద్దరిలో ఎవరూ గ్రాండ్‌మాస్టర్ కాలేదు.

నాకు ఈ కథలో కోపం తెప్పించేది సినిమా. నిజంగా దెబ్బతిన్న పిల్లవాణ్ణి తీసుకుని విలన్‌ను చేసింది. పిల్లల టోర్నీల్లో ఇప్పటికీ అదే చూపు ఉంది. ఎదుటి కుర్చీలో కూర్చున్నది మన పిల్లలాంటి పిల్లే అన్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండదు. పిల్లలకు గుర్తుంటుంది. చేతులు కలిపిన రెండు నిమిషాలకే, ఎవరూ ఆపకపోతే, వాళ్లు మాట్లాడుకుంటారు.

ఆ అరగంట ఎవరిది

చదరంగంలో పాత ఆచారం ఒకటుంది. ఆట అయ్యాక ప్రత్యర్థులిద్దరూ పక్కగదిలోకి వెళ్లి, పావులు మళ్లీ పేర్చి, ఆడిన ఆటను మొదటి నుంచీ నడిపిస్తారు. ‘ఇక్కడ నువ్వు గుర్రం పెడతావని భయపడ్డాను’, ‘నేను అసలు చూడనే లేదు’. గెలిచినవాడు తన భయాలు చెబుతాడు, ఓడినవాడు తన ఆశలు చెబుతాడు. నేర్చుకోవడం ఎక్కువగా జరిగేది అక్కడే. ఓటమిని మింగడం కూడా అక్కడే అలవాటవుతుంది. తనను ఓడించినవాడు దయ్యం కాదని, వాడికీ అదే ఎత్తు దగ్గర చెయ్యి వణికిందని ఓడిన పిల్ల అప్పుడు తెలుసుకుంటుంది. ఫోనులోని పట్టీకి భయం ఉండదు కాబట్టి ఈ కబురు దాని దగ్గర దొరకదు.

గుకేశ్ తొలినాళ్ల కోచ్ విష్ణు ప్రసన్న, అతను గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరేదాకా కంప్యూటర్ విశ్లేషణ దగ్గరికి రానివ్వలేదు. తప్పు ఎక్కడుందో కుర్రాడే బుర్ర పెట్టి వెతకాలి. ఈ కాలంలో అది దాదాపు మొండితనంలా కనిపించింది. ఆ మొండితనం ఫలితం సింగపూర్‌లో చూశాం.

ఆనంద్ బాల్యంలో కూడా ఇలాంటిదే ఒకటుంది. తండ్రి ఉద్యోగరీత్యా మనీలాలో ఉన్నప్పుడు అక్కడి టీవీలో రోజూ చదరంగం కార్యక్రమం వచ్చేది, చివర్లో ఒక చిక్కుముడి ఇచ్చేవారు. ఆనంద్ బడిలో ఉండే వేళ అది. తల్లి సుశీల కూర్చుని రాసిపెట్టేవారు. సాయంత్రం ఇద్దరూ కలిసి విప్పి జవాబు పంపేవారు. బహుమతిగా పుస్తకాలు గెలిచీ గెలిచీ, చివరికి కావలసినవన్నీ పట్టుకెళ్లి ఇక పోటీకి పంపొద్దని నిర్వాహకులే చెప్పారట. తల్లి కొడుకు పక్కన కూర్చుని తనూ జవాబు వెతికేవారు. జవాబు ముందే తెలిసినట్టు ఎదురుగా నిలబడలేదు.

మన ఊళ్ల టోర్నీల్లో విశ్లేషణకు చోటు ఉండదు. హాలు అద్దె గంటల లెక్కన ఉంటుంది, తర్వాతి రౌండుకు జాబితా అతికించే తొందర ఉంటుంది. బయట కారిడార్లో తల్లిదండ్రుల కుర్చీలు, టిఫిన్ డబ్బాలు, ఫోన్లు. పిల్లలిద్దరూ కలిసి కూర్చోవాలన్నా నేల మీదే కూర్చోవాలి. దీన్ని మార్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. జిల్లా, రాష్ట్ర సంఘాలు టోర్నీకి అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టే షరతుల్లో ఇంకొకటి చేర్చవచ్చు: విశ్లేషణకు విడిగా ఒక గది, అందులో అయిదారు బోర్డులు, ఎవరైనా ఒక సీనియర్ ఆటగాడు. ఆ జిల్లాలో ఒకప్పుడు రాష్ట్రస్థాయిలో ఆడి, ఇంజినీరింగ్ చదువుకు వెళ్లి, ఇప్పుడు ఆదివారం రెండు గంటలు ఇవ్వగలిగిన అన్నయ్యలు, అక్కలు తప్పకుండా ఉంటారు. వాళ్లను పిలిస్తే వస్తారు. గదిలోకి ఫోన్లు వద్దు. తల్లిదండ్రులు రావచ్చు, కూర్చోవచ్చు, పిల్లలు ముగించేదాకా మాట్లాడకూడదు. తర్వాతి రౌండు పెయిరింగ్‌లు అరగంట ఆలస్యంగా అతికిస్తే సరిపోతుంది. సంక్రాంతి సెలవుల టోర్నీలతోనే మొదలుపెట్టవచ్చు.